గోడ మీద తలకిందులుగా నడిచిన వీధి

2023లో వానలు తగ్గాక ముంబై కామాటిపురలోని ఒక తెలుగు బడికి ఇన్‌స్ట్రక్షనల్ కోచ్‌గా వెళ్తుండేవాణ్ణి. అంటే పిల్లలకు కాదు, టీచర్లకు తోడు. క్లాసులో వెనక కూర్చుని పాఠం గమనించడం, తర్వాత టీచరుతో దాని గురించి మాట్లాడటం నా పని. కొత్తగా చేరిన స్వప్నకు ప్రతిసారీ ఒకటే చెప్పేవాణ్ణి: "జవాబు నువ్వు చెప్పకు, పిల్లల్ని వెతకనివ్వు." ఆమె తలూపేది. క్లాసులో మాత్రం ప్రశ్న అడిగిన మరుక్షణమే జవాబూ తనే చెప్పేసేది.

ఆ వారం ఏడో తరగతి సైన్స్ టీచర్ పాఠం మధ్యలో కళ్లు తిరిగి పడిపోయారు. రక్తం తక్కువగా ఉందని డాక్టరు చెబితే సెలవు పెట్టారు. ఆమె క్లాసులు నా మీద పడ్డాయి. సరిగ్గా అదే పీరియడ్‌లో నేను స్వప్న పాఠం చూడాలి. రెండు చోట్ల ఉండలేను కనుక స్వప్న ఆరో తరగతి పిల్లల్ని కూడా ఏడో తరగతి గదిలోకే రప్పించి, పాఠం ఆమెనే చెప్పమన్నాను.

మేము వెళ్లేసరికి ఏడో తరగతి మమత తల్లి ఎల్లమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. పాలమూరు నుంచి వచ్చి బిల్డింగుల దగ్గర కూలి చేసుకునే మనిషి.

"సారూ, నా బిడ్డ పేరు కొట్టెయ్యుండ్రి. ఊర్ల మా అమ్మ తాన ఉంచుత. ఈ గదిల గోడ మీద మనుషులు తలకిందులు తిరుగుతున్నరంట. టీచరమ్మ గందుకే పడ్డది."

"సచ్చీ సార్," అంది మమత. "లైట్ బంద్ జేస్తే కనవడ్తరు. టాక్సీలు గూడ."

"టాక్సీ గూడ దయ్యమైందా? మీటర్ ఎవడిస్తడే?" అన్నారు వెనక నుంచి ఎవరో. అందరూ నవ్వారు. మమత నవ్వలేదు.

నాకు ఒళ్లు మండింది. దయ్యాల మీద ఉపన్యాసం మొదలుపెట్టబోయాను. అంతలో స్వప్న లైటు ఆర్పేసింది.

మరమ్మతుల కోసం కిటికీలకు ప్లైవుడ్ కొట్టి ఉంది. ఒక చెక్కలో మేకు ఊడిన రంధ్రం. ఎదుటి గోడ మీద, బడి కిందనున్న ఫాక్‌లాండ్ రోడ్, రంగులతో సహా, తలకిందులుగా కదులుతోంది. కాంతి సూటిగా పోతుందని, చిన్న రంధ్రం దాటితే పైది కిందికి, కిందిది పైకి వస్తుందని చదివాను, మూఢనమ్మకాల మీద ఎన్నో చర్చల్లో చెప్పాను. కళ్లారా చూడటం అదే మొదలు.

స్వప్న ఈసారి జవాబు తనే చెప్పెయ్యలేదు. "అక్కా, జర కిందికి పోయి రోడ్డు మీద చెయ్యి ఊపుతరా?" అంది.

"నన్ను గూడ దయ్యం జేస్తరా ఏంది?" అని గొణుగుతూనే ఎల్లమ్మ మెట్లు దిగింది.

కాసేపటికి గోడ పైభాగాన ఒక నారింజ చీర తలకిందులుగా నిలబడి చెయ్యి ఊపింది.

"గా చీర మా అమ్మది!" మమత అరిచింది. "దయ్యం గాదు, మా అమ్మనే!"

ఎల్లమ్మ పైకొచ్చింది, మమత కిందికి పరుగెత్తింది. "ఆ రంధ్రం మీద వేలు పెట్టుండ్రి అక్కా," అంది స్వప్న. వేలు పెట్టగానే వీధంతా మాయమైంది. తియ్యగానే కూతురు మళ్లీ గోడ మీద చేతులు ఊపుతోంది. ఎల్లమ్మ ఇంకోసారి మూసింది, తెరిచింది.

"ఇంత సడక్ గీ బొక్కలకెల్లి వస్తున్నదా?" గొంతు తగ్గింది. "పేరు ఉండనియ్యుండ్రి సారూ. గని టీచరమ్మా, ఉల్టా ఎందుకొస్తది?"

"మీరేమనుకుంటున్నరక్కా?" అంది స్వప్న.

మూఢనమ్మకాన్ని వేదికలెక్కి ఖండించాను, ఇకముందూ ఖండిస్తాను. అయితే భయపడ్డ మనిషి చేతికే పరీక్షను అప్పగించనిదే ఆ ఖండన సగం పనేనని ఆ చీకటి గదిలో తెలిసింది. ఆ రోజు పాఠం గురించి స్వప్నకు చెప్పడానికి నా దగ్గర ఒక్క సలహా కూడా లేదు.