గుమ్మం దగ్గర వెర్నా

అమెరికాలోని టొలీడో ఊరి చివరి పెద్ద దుకాణం గుమ్మంలో, నొప్పి మోకాలికి పట్టీ బిగించుకుని వెర్నా రోజంతా నిలబడే ఉంటుంది. సరుకులు కొని బయటికి వెళ్లేవాళ్ల రసీదు అందుకుని, వాళ్ల తోపుడు బండిలోకి ఒక చూపు చూసి, సరిచూసినట్టు దాని మీద పసుపురంగు మార్కరుతో గీత గీస్తుంది. మనిషి ముఖం మాత్రం గీత గీశాకే చూస్తుంది. ఒక శనివారం డెస్మండ్ అనే నల్లజాతి యువకుడు రసీదు జేబులో పెట్టేసుకున్నాడు. "డబ్బు కట్టాను. ఎక్కడికెళ్లినా నన్నే ఆపుతారేం? నా మొహాన దొంగ అని రాసుందా?"

"చూపించనంటే ఆపే హక్కు నాకు లేదు నాయనా, వెళ్లు. కానీ నేను మొహాలు చూసి ఆపను. నమ్మకపోతే కాసేపు నిలబడి చూడు."

అతను నిజంగానే తలుపు పక్కన నిలబడ్డాడు. వరసలో వచ్చిన పాస్టరుగారి రసీదు మీద గీత పడింది. మేనేజరు భార్య మూతి ముడుచుకున్నా ఆమె రసీదు మీదా పడింది. అంతలో వెర్నా డ్యూటీ అయిపోయింది. లోపలికెళ్లి ఒక రొట్టె కొనుక్కుని, వచ్చి అదే వరసలో చివర నిలబడింది. ఆమె బదులు గుమ్మంలోకి వచ్చిన కార్ల్ నవ్వేశాడు. "మీకెందుకమ్మా లైను? వెళ్లండి, వెళ్లండి!"

"ఇవాళ నన్ను మొహం చూసి వదిలేస్తే, రేపు ఇంకొకణ్ణి మొహం చూసి ఆపుతావ్. గియ్యవయ్యా గీత!"

డెస్మండ్ జేబులోంచి రసీదు తీసి, బండి తోసుకుంటూ వచ్చి ఆమె వెనకాల నిలబడ్డాడు.