పాదంతో చూసినవాడు

ఆఫీసులో అందరూ అతన్ని నత్త బాబాయ్ అంటారు. ఇరవయ్యారేళ్లుగా అద్దె కార్లు నడుపుతున్న మనిషి, ఏ కారుకూ ఒక్క గీత పడనివ్వలేదు. కానీ మలుపు అల్లంత దూరంలో ఉండగానే వేగం తగ్గించేస్తాడు. వెనక సీట్లోవాళ్లు నిట్టూరుస్తారు, వెనక బండ్లవాళ్లు హారన్లతో తిడతారు.

అతని కళ్లకు దూరం బాగానే ఆనుతుంది. వీధి చివరి స్తంభం మీద వాలిన పిట్ట తోక కూడా కనిపిస్తుంది. దగ్గరే కరిగిపోతోంది. కారుకు బిగించిన మ్యాపు తెర మీద వీధులు తడికాగితం మీది సిరాలా అలుక్కుపోతాయి. ఊరు కొట్టినపిండే, కానీ తెర మీది నీలిగీత ఏ సందులోకి తిప్పుతుందో దానిష్టం. గీత దాటితే తప్పు. తెరను వేలితో తాకితే ఇంకా పెద్ద తప్పు. అద్దం పైన కెమెరా కనిపెట్టుకుని ఉంటుంది. దారి చెప్పే గొంతును ప్రయాణికులకు చిరాకని ఎప్పుడో ఆపేశారు.

ఆ ఇరుకులో అతనికొక ఉపాయం దొరికింది. కారు వేగం పుంజుకుంటే మ్యాపు గద్దలా పైకి లేచిపోతుంది, వీధులు వెంట్రుకలవుతాయి. వేగం తగ్గితే మెల్లగా కిందికి దిగుతుంది, సందులు వెడల్పవుతాయి, పేర్లు లావెక్కుతాయి. కాలు కాస్త ఎత్తితే చాలు, ఊరు దగ్గరికొచ్చి ముఖం చూపిస్తుంది. రెండేళ్లుగా అతను పాదంతోనే చూస్తున్నాడు.

"కళ్లద్దాలు పెట్టుకుంటే ఏం పోయింది?" అనేది భార్య. "సూదిలో దారం నేనెక్కించాలి, ఊరంతా తిప్పేది మాత్రం మీరు!"

"పొడుగోడి గతి చూశావుగా?"

పొడుగోడు అతనితోపాటే చేరిన డ్రైవరు. కళ్లద్దాలతో వచ్చిన వారానికే, వయసైపోయిందంటూ స్టీరింగు లాక్కుని చేతికి నీళ్లగొట్టం ఇచ్చారు. ఇప్పుడు షెడ్డులో కార్లు కడుగుతున్నాడు.

ఒక శనివారం మేనేజరమ్మ డ్రైవర్లందరినీ కూర్చోబెట్టింది.

"మ్యాపు ఊరికే పైకీ కిందికీ ఊగుతోంది, తల తిరుగుతోందని మీలో కొందరు గోల పెడుతున్నారు. ఒకే ఎత్తులో నిలిపేయిస్తాను. సరేనా? చేతులెత్తండి."

చేతులు లేచాయి. ఆమె చూపు అతని దగ్గర ఆగింది. "ఏం బాబాయ్, మీకేమైనా ఇబ్బందా?"

ఇబ్బందేమిటో చెబితే కళ్ల సంగతి బయటపడుతుంది. అందరికంటే ఎత్తుగా చెయ్యెత్తాడు.

"నాకేం ఇబ్బందమ్మా! దాని ఊపుకి ఉయ్యాలెక్కినట్టుంది, నిద్రొస్తోంది" అని నలుగురినీ నవ్వించాడు కూడా.

సోమవారం పొద్దున్నే పరీక్షకు వెళ్లే అమ్మాయి ఎక్కింది. "తొందరగా పోనివ్వండి అంకుల్, ఇరవై నిమిషాలే ఉంది."

మలుపు దగ్గరపడుతోందనిపించి కాలు ఎత్తాడు. మ్యాపు దిగలేదు. ఇంకాస్త తగ్గించాడు. అది పైనుంచి అలాగే చూస్తోంది, పిలిచినా పలకని చుట్టంలా. కారు నడకకు దిగింది. వెనక హారన్లు మొదలయ్యాయి.

"అంకుల్, దాటిపోయింది!"

నడిరోడ్డు మీద కారు ఆగింది. ఒళ్లంతా ముందుకు వంగింది. రెండు వేళ్లు వాటంతటవే వెళ్లి తెర మీది వీధిని సాగదీశాయి. ఆ అమ్మాయి తలుపు తెరుచుకుని, ఏడుపు గొంతుతో ఏదో అంటూ పరుగెత్తింది.

సాయంత్రం మేనేజరమ్మ కెమెరా తీసిన బొమ్మ చూపించింది. తెరకు ముక్కు ఆనించి, కళ్లు చికిలించి ఎవరో ముసలాయన. అది తనేనని పోల్చుకోవడానికి అతనికి కాసేపు పట్టింది.

"ఎన్నాళ్లుగా?"

"రెండేళ్లు."

"మరి ఆ రోజు నోరు విప్పొచ్చుగా? అందరికంటే ఎత్తుగా చెయ్యెత్తింది మీరే కదా!"

అతను ఆ చేతిని ప్యాంటు జేబులో దాచుకున్నాడు.

షెడ్డులో పొడుగోడు గొట్టం అందించాడు. "రా గురూ. ఇక్కడ ఎంత నెమ్మదైనా ఎవడూ హారన్ కొట్టడు."

మూడో రోజు తన పాత కారే కడగడానికి వచ్చింది. తలుపు తెరిచే ఉంది, తెర వెలుగుతోంది. గొట్టం నుంచి ఎగిరిన చుక్క ఒకటి తెర మీద పడి గుండ్రంగా నిలిచింది. దాని కింద ఒక సందు పేరు లావుగా, నల్లగా ఉబ్బింది. ఒక్కో అక్షరం చదివాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

"బాబాయ్, అక్కడ తడి చేశావేంటి? తుడువు, టైమైపోతోంది" అన్నాడు కొత్త డ్రైవరు.

తుడిచాడు.