గంట మింగిన అక్షరం

బడిలో గంట కొట్టే ఆయమ్మను అందరూ గంటమ్మ అనేవారు. ఇరవై రెండేళ్లలో ఆమె గంట ఒక్క నిమిషమైనా ముందుకు గానీ వెనక్కి గానీ జరగలేదు. హెడ్‌మాస్టరు తన వాచీని ఆ మోతను బట్టే సరిచేసుకునేవాడు. అందుకామెకు కాస్త గర్వం కూడా.

మూడు నెలల కిందట ఒక పొద్దున, మూడో తరగతిలో కొత్తగా చేరిన పిల్ల గేటు దాటి వచ్చింది. గంట కొడుతున్న ఆమె ముందు ఆగి, రెండు చేతులూ గుండెకు ఆనించుకుని, ఏదో అంది. ఆ మోతలో గంటమ్మకు వినబడింది ఒకటే ముక్క, "పోవే."

"నా మనవరాలంత లేదు, నన్ను పోవే అంటుందా!" అంటూ గంటమ్మ నేరుగా హెడ్‌మాస్టరు గదికి వెళ్లింది. పూటంతా పిల్లను వరండాలో నిలబెట్టారు. ఆనాటి నుంచి ఆ పిల్ల బడిలో పెదవి విప్పలేదు. తోటివాళ్లు మాత్రం ఊరుకోలేదు. "ఒరేయ్, పోవే వచ్చింది రోయ్!"

ఇవాళ ఇంటి భాషల రోజు. పిల్లలంతా వేదికెక్కి, తమ ఇంట్లో చుట్టాలను పలకరించే మాట చెప్పాలి. ఒక్కొక్కరికి నిమిషం, ఆపైన గంట. గంటమ్మ కుర్చీలు సర్దుతుంటే క్లాసు టీచరు ఇళ్ల నుంచి వచ్చిన కాగితాలు పైకి చదువుతోంది.

"పోవేలా. అంటే, 'ఎండన పడి వచ్చారు, నీడకు రండి' అనిట. ఎంత బాగుందో!"

గంటమ్మ చేతిలో కుర్చీ గాల్లోనే ఆగింది. "ఏ పిల్లదమ్మా అది?"

"ఇంకెవరు, మన మాట్లాడని పిల్లదే. ఇవాళా నోరు విప్పకపోతే రేపే టీసీ తీసుకుంటానన్నాడు వాళ్ల నాన్న."

సాయంత్రం ఆ పిల్ల మైకు ముందు నిలబడింది. గడియారం ముల్లు నడిచే చప్పుడు గంటమ్మకు తన గుండెలో వినిపించింది. వెనక వరసలో ఎవరో "పోవే" అన్నారు. కిసుక్కున నవ్వులు. చివరి కుర్చీలోంచి తండ్రి లేచాడు.

నిమిషం దాటింది. సుత్తి పట్టిన చెయ్యి కదలలేదు.

"గంటమ్మా, కొట్టవేం? కునుకు పట్టిందా?" టీచరు గుసగుసగా అడిగింది.

గంటమ్మ సుత్తి కింద పెట్టింది. వేదిక ముందుకు నడిచి, రెండు చేతులూ గుండెకు ఆనించుకుంది.

"పోవేలే!"

హాలు గొల్లుమంది.

"నవ్వండి, నవ్వండి. ఆవేళ నాకు సగమే వినబడింది. మిగతా సగం నా గంట మింగేసింది. తప్పు నాదే, తల్లీ."

పిల్ల పెదవి వణికింది. ఏడుస్తుందనుకున్నారు. మైకులో సన్నగా, కాస్త విసుగ్గా ఒక గొంతు పలికింది.

"లే కాదు ఆయమ్మా. లా."

"నాది మొద్దు చెవి. గట్టిగా చెప్పు."

"పోవేలా!"

మైకు కీచుమంది. తండ్రి నిలబడ్డ చోటే నెమ్మదిగా కూర్చున్నాడు. గంటమ్మ వెళ్లి సుత్తి అందుకుంది. అప్పుడు మోగింది గంట.

హెడ్‌మాస్టరు వాచీ చూసుకుని, నాలుగు నిమిషాలు వెనక్కి తిప్పుకున్నాడు.