ఆ ఊరికి బస్సు అక్కర్లేదని రాశాను

"ఊళ్లెనే కూలికి పోతాన, రాసుకో బిడ్డా" అంది మరియమ్మ, నా మొహం వైపు చూడకుండా. ఆమె వెనక దండెం మీద నీలం అంచు తెల్లచీర ఆరుతోంది. వరంగల్‌లో దవాఖాన ఆయాలు కట్టుకునే చీర అది.

1984 ఎండాకాలం. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఆరు కిలోమీటర్లు లోపలికి ఉన్న ఊరు. పది పాసైన నాకు రోజుకూలీ మీద ఎన్యూమరేటర్ పని దొరికింది. అంటే ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకోవడం. ఎంతమందికి ఊళ్లోనే పని ఉంది, ఎంతమంది రోజూ బయటికి వెళ్తున్నారు, ఇదే మా సర్వే. బయటికి వెళ్లేవాళ్లు ఎక్కువని తేలితే, పొద్దున్నే వరంగల్‌కి ఒక బస్సు ఊళ్లోకే వస్తుంది.

"ఆ చీర ఎవరిదత్తా?" అన్నాను.

"మా చెల్లెది."

"చెల్లె ఏది మరి?"

"వాళ్లూరికి పోయింది."

"చీర ఇడిసిపెట్టి పోయిందా?"

పక్కింటి ఎల్లమ్మ పకపకా నవ్వింది. "మా ఆయనది గూడ రాసుకో పిల్లా. ఇంటికాడికెల్లి కల్లు మండువ దాక, రోజూ నౌకరే!"

నాకూ నవ్వొచ్చింది. "నిజం చెప్పండమ్మా, బస్సు కోసమే ఈ రాసుడు" అన్నాను. ఎల్లమ్మ నవ్వు ఆగిపోయింది. "బస్సు అని రాసుకొని, వరంగల్ల నౌకరి ఉన్నోళ్ల బియ్యం కార్డు గుంజుకుంటరట. మాకెరుక లేదా?"

ఆమె లోపలికి వెళ్లాక మరియమ్మ నాకు మంచినీళ్లిచ్చి, గొంతు తగ్గించింది. "నాలుగింటికి లేసి ఘన్‌పూర్ దాక నడిచి, వరంగల్ బస్సెక్కుతాన బిడ్డా. రెండుసార్లు ఆలస్యమైంది. ఇంకోసారైతే పనిల నుంచి తీసేస్తమన్నరు. గా ముచ్చట మాత్రం రాయకు."

"మరి బస్సు వద్దా?"

"బస్సు రానియ్యి. నా పేరు లేకుంట రానియ్యి."

ఊరంతా అదే వరస. సాయంత్రానికి నా ఫారాల నిండా 'ఊళ్లోనే పని' అనే ఉంది. సూపర్‌వైజర్‌కి చెప్పాను: "కార్డు పోతదని భయపడి అబద్ధం చెప్తున్నరు సార్."

"వాళ్లు చెప్పిందే రాయాలె. దండెం మీద చీరలు చూసి సర్వే చేస్తమా?" అన్నాడాయన. "సంతకం పెట్టు."

ఇంకో మాట మాట్లాడితే మరునాటి నుంచి రావద్దంటాడేమోనని భయమేసింది. పెట్టేశాను.

ఆ ఊరికి బస్సు అవసరం లేదని తేల్చారు. వానాకాలంలో ఒకరోజు ఘన్‌పూర్ బస్టాండులో మరియమ్మ కనిపించింది. చేతిలో చిన్న మూట, కాళ్లకు మోకాళ్ల దాకా బురద.

"తీసేసిన్రు బిడ్డా. వాగు పొంగింది, దాటేసరికి పొద్దెక్కింది. ఎంత మొక్కినా ఇనలే." మూట కింద పెట్టి, "బస్సు ఎందుకు రాలె?" అంది.

"అందరూ ఊళ్లెనే పని అన్నరు గదత్తా."

"అందరు గట్లనే చెప్పిన్రా?"

"అందరూ."

"నువ్వన్నా నిజం రాయకపోతివి. నీకెరుకనే గద."

"నువ్వే వద్దంటివి."

"నేను భయంతోని అంటి. నీకేం భయముండె?"

బస్సొస్తే ఎక్కేశాను. కిటికీలోంచి వెనక్కి కూడా చూడలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. కాగితం పట్టుకుని వచ్చిన మనిషిని చూస్తే పేదవాళ్లకి ముందు గుర్తొచ్చేది తమ దగ్గర్నుంచి ఏం పోతుందోనన్నదే, ఏం వస్తుందోనన్నది కాదు. అది తెలిశాక కూడా నేను చేయగలిగింది ఏమీ కనబడలేదు.

మర్నాడు పొద్దున్నే ఇంకో ఊళ్లో ఉన్నాను. మొదటి ఇంటాయన సైకిల్ హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్ తగిలించుకుని బయల్దేరుతున్నాడు. నా చేతిలో ఫారం చూసి సైకిల్‌ని గోడకు ఆనించాడు.

"ఏడికన్న పోతున్నవా?" అన్నాను.

"ఏడికి లేదమ్మా. ఊళ్లెనే పని."

'ఊళ్లోనే' అని రాసుకుని, పక్కింటి తలుపు తట్టాను.