వేలు పట్టేంత సందు

రేణిగుంటలో రైలు దిగేసరికి ఉదయం ఐదు నలభై. వాన. మేం అరవై మంది సైనికులం. అక్కడి నుంచి కాళహస్తి మీదుగా నాయుడుపేటకు మా బండ్లలోనే పోయాం. తుపాను తీరం దాటి అది రెండో రోజు. నేను బండ్ల మెకానిక్‌ని, నాయక్ ర్యాంకు. మాది కాణిపాకం దగ్గర పల్లె. ఏడేళ్ల సర్వీసులో మన వైపు డ్యూటీ పడటం అదే మొదటిసారి. రైల్లో సంబరపడ్డాను. ఆ మాట చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంటుంది.

మా దగ్గర ఒక పెద్ద రికవరీ బండి ఉండేది. విదేశీది, పాతది. ఛాతీ లోతు నీళ్లలో కూడా పోగలదు. దానికి క్లచ్ పెడల్ లేదు, గేర్లు వాటంతటవే మారతాయి. ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య టార్క్ కన్వర్టర్ అని గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. నిండా నూనె. ఆ నూనే ఇంజను బలాన్ని చక్రాలకు అందిస్తుంది. దారిలో దాని సీలు పోయింది. నూనె కారుస్తూనే నాయుడుపేట చేరాం.

మరునాడు ఉదయం ఆరింటికి మూడు కాళ్ల స్టాండుకు చైన్ కప్పీ వేసి గేర్‌బాక్సు దించాం. నేను, హవల్దారు, డ్రైవరు. హవల్దారుది పుత్తూరు. మంచి పనివాడు. రెండు రోజులుగా కంటి మీద కునుకు లేదు.

తొమ్మిదింటికి ఒక మనిషి వచ్చాడు. ఒళ్లంతా బురద. వరదకు అడ్డంపడి ఈదుకుంటూ వచ్చాడు. వాళ్ల పల్లెలో పదకొండు మంది రైసుమిల్లు గోడౌను రేకుల మీద ఉన్నారు. తల్లి, భార్య అందులోనే. మిలిటరీ బండిని తెస్తానని వాళ్లకు చెప్పి వచ్చాడు. మధ్యలో రోడ్డు మీద అర మైలు దూరం నీళ్లు, మంచి వడి. మామూలు లారీ అయితే కొట్టుకుపోతుంది. పడవలన్నీ సముద్రం వైపు పల్లెలకు పోయాయి. తెల్లారితే గానీ రావు.

కెప్టెన్ ఆర్డరు ఒక్క ముక్క. పదకొండుకు బండి కదలాలి.

ఆ మనిషి అక్కడి నుంచి పోలేదు. మా నెత్తిన కట్టిన టార్పాలిన్ గాలికి లేస్తుంటే ఒక మూల పట్టుకుని నిలబడ్డాడు.

"ఎంతసేపవతాదప్పా?"

"రెండు గంటలు."

"సరేప్పా. నేను పట్టుకోనుంటా. మీరు పని సూసుకోండి."

కన్వర్టర్‌ని గేర్‌బాక్సు మూతిలో పెట్టి, తిప్పుతూ లోపలికి నెట్టాలి. మెట్టు మెట్టుగా దిగుతుంది. చివరి మెట్టులో, గేర్‌బాక్సులో నూనె తోడే పంపు పళ్లలో పడుతుంది. తర్వాత మూతికి అడ్డంగా స్కేలు పెట్టి లోతు కొలవాలి. ఆ బండికి అంగుళం ఉండాలి. కొలిచాను. సరిగ్గా అంగుళం. గేర్‌బాక్సును కప్పీతో ఎత్తి ఇంజను వైపు జరిపాం. అప్పుడు స్టాండు కాలొకటి బురదలో దిగబడింది. గేర్‌బాక్సు ముందుకు వాలింది. ఆ వాలుకే కన్వర్టర్ జారి ఉంటుంది.

ఇంజనుకూ గేర్‌బాక్సుకూ మధ్య వేలు పట్టేంత సందు మిగిలింది. చేత్తో నెడితే కలవాలి. కలవలేదు. కన్వర్టర్ చేత్తో తిప్పితే తిరగాలి. తిరగలేదు.

పది యాభై.

"అన్నా, కుచ్చోలేదు. ఎనక్కి తీసి మళ్లా పెట్టాల," అన్నాను.

"ఎంతసేపు?"

"గంట."

అంతలో వైర్‌లెస్ ఆపరేటరు గుడారంలోంచి అరిచాడు. "నీళ్లు ఇంగా ఎక్కతా ఉండాయంట! బండి యాడుండాదని పైనోళ్లు అడగతా ఉండారు!"

హవల్దారు వాచీ చూసుకున్నాడు. "బోల్టులు ఎక్కించు. అవే లాక్కుంటాయిలే."

లాక్కోవు. బోల్టులతో లాగితే పంపు పగులుతుంది. ట్రైనింగులో ఆ సంగతి అందరికంటే ముందు నేర్చుకున్నది నేనే. పానా నా చేతిలో ఉంది, ఆయన చేతిలో కాదు. గంట ఆలస్యమైనా బండి కదిలేది. నేను బోల్టు తిప్పాను. తర్వాత ఇంకోటి. సందు మూసుకుంటూ వచ్చింది. నాలుగో బోల్టు దగ్గర లోపల టక్కుమంది. చిన్న చప్పుడు. హవల్దారు, నేను ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పదకొండు ఇరవైకి డ్రైవరు స్టార్టు చేశాడు. ఇంజను పలికింది. ఆ మనిషి టార్పాలిన్ వదిలేసి, దారి చూపిస్తానని డ్రైవరు పక్కన ఎక్కి కూర్చున్నాడు. డ్రైవరు గేరు వేశాడు. కదల్లేదు. రివర్సు వేశాడు. కదల్లేదు. నూనె ప్రెషరు ముల్లు సున్నా దగ్గరే ఉంది.

"పట్టలేదబ్బా," అన్నాడు డ్రైవరు.

"ఇంగోసారి సూడప్పా. ఇంగొక్కసారి," అన్నాడు ఆ మనిషి. ఎంత చెప్పినా సీటు దిగలేదు. హవల్దారే చెయ్యి పట్టి దించాడు.

గేర్‌బాక్సు మళ్లీ దించేసరికి మధ్యాహ్నం మూడు. పంపు రెండు ముక్కలు. స్పేరు మద్రాసులో ఉంది. కెప్టెన్ ఇద్దరు ఈతగాళ్లను నడుముకు తాళ్లు కట్టి పంపాడు. పొద్దుటికంటే వడి పెరిగింది, వంద గజాలు పోలేక తిరిగొచ్చారు. నాలుగున్నరకు పల్లె వైపు నుంచి రేకులు కూలిన చప్పుడు. ఆ మనిషి లేచి నిలబడ్డాడు. మళ్లీ కూర్చున్నాడు.

పడవలు మరునాడు ఉదయం ఆరున్నరకు వచ్చాయి. మిల్లు పక్కనున్న వేపచెట్టు మీద ఇద్దరు బతికి ఉన్నారు. వాళ్లలో అతని తల్లి లేదు. భార్య లేదు.

విచారణలో హవల్దారు తప్పు తనదేనని రాసిచ్చాడు. నన్ను అడిగితే ఆర్డరు ప్రకారం చేశానన్నాను. అది అబద్ధం కాదు. నిజం కూడా కాదు.

పంతొమ్మిదో రోజున మాకు తిరుగు ప్రయాణం. ఆ మనిషి లారీ దగ్గరికి వచ్చాడు. నన్ను గుర్తుపట్టాడు.

"మీరు శానా కష్టపడినారప్పా. మా రాత అట్లుండాది," అన్నాడు.

చెప్పాలని నోరు తెరిచాను. లారీ కదిలింది. చెప్పలేదు. ఈనాటికీ చెప్పలేదు.

లీవులో ఇంటికొస్తే నాయన అరుగు మీద నలుగురిని కూర్చోబెట్టుకుని ఉన్నాడు.

"మనోళ్లకే సాయం సేసొచ్చినాడు. ఎంతమందిని కాపాడినారురా?"

"నేను మెకానిక్కునే కదా నాయనా," అని లోపలికి పోయాను.

పడవలు వచ్చిన ఆ ఉదయం మొదటి పడవలో నేనూ ఉన్నాను. మిల్లు దగ్గర నీళ్ల మీద చీరలు కనిపించాయి. ఒకదానికొకటి ముడివేసి తాడులాగా పేనారు. ఒక కొస విరిగిన స్తంభానికి కట్టి ఉంది. రెండో కొసకు బిందె. నీళ్లు దూరకుండా దాని మూతికి గుడ్డ బిగించి కట్టారు. బండిలో వచ్చేవాళ్లు అందుకుంటారని రోడ్డు వైపుకు వదిలారు. మిల్లు కూలినా ఆ ముడులు ఊడలేదు. బిందె రోడ్డు వైపే తేలుతూ ఉంది.