మా పాపకు మాత్రం వద్దు

పిల్లలను ఎక్కడ ఉంచితే క్షేమమో ఊరందరికీ చెప్పడం నా ఉద్యోగం. సచివాలయంలో మహిళా సంరక్షణ కార్యదర్శిని. బడులకు వెళ్లి, ఎవరి చెయ్యి ఎక్కడ పడితే కేక పెట్టాలో ఆడపిల్లలకు నేర్పిస్తాను. మూత లేని నీళ్ల సంపు కనిపిస్తే ఇంటివాళ్లతో పోట్లాడతాను. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు నా చేత్తో రాసిన గోడలు పుంగనూరులో ఇప్పటికీ ఉన్నాయి. ఇంత తెలిసినదాన్ని, ఏడాదిన్నర వయసున్న నా కూతుర్ని పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా ఎక్కడ ఉంచాలో తెలియక తల పట్టుకుని కూర్చున్నాను.

మా ఆయన టమాటా లారీ డ్రైవరు. మదనపల్లె మార్కెట్లో లోడు ఎత్తితే మళ్లీ ఇంటి ముఖం చూసేది ఎప్పుడో. వచ్చిన రెండు రోజులూ నిద్రే. అత్తగారు లేరు. మా అమ్మ కురబలకోట పక్క పల్లెలో గొర్రెలతో ఉంటుంది. వచ్చి నాతో ఉండమని అడిగితే, "నేనొచ్చి ఆడ కూసుంటే ఈ జీవాల్ని ఎవురు మేపాల? బిడ్డనే ఈడికి తెచ్చి ఇడిసిపెట్టు. నిన్ను సాకలేదా?" అంది. నన్ను చీరతో వీపుకు కట్టుకొని గొర్రెల వెంట గుట్టలు తిరిగింది నిజమే. నా కూతురూ అట్లా గొర్రెల వెనక పెరగడం నాకు నామోషీ అనిపించింది. ఆ మాట పైకి అనకుండా, పాలు మరవలేదు, కొంచెం పెద్దయ్యాక చూద్దాం అన్నాను.

కాలికి బలపం కట్టుకుని తిరిగాను. అంగన్‌వాడీ టీచరు నాకు బాగా తెలిసిన మనిషే. "మూడేండ్లు నిండల్ల మేడమ్, మీకు తెలీనిదా?" అని నవ్వింది. నాకు తెలుసు. ఆ నిబంధన ఎంతో మంది తల్లులకు నేనే వివరించి, వాళ్లు మొహం చిన్నబుచ్చుకుంటే విసుక్కున్నాను కూడా. గేటు మీద నవ్వే ఏనుగు బొమ్మ ఉన్న ప్లేస్కూలుకు వెళ్లాను. రెండున్నరేళ్లు నిండాలట, పన్నెండుకు బెల్లు కొడతారట. పన్నెండు తర్వాత పిల్లలు ఎక్కడుంటారని అడిగితే అక్కడి మేడమ్ నన్ను వింతగా చూసి, "తల్లులొస్తారు కదండీ" అంది. పక్కింటావిడ వారం రోజులు చూసి నడుం పట్టేసిందని చెప్పింది. ఆ తర్వాత పాపను ఆఫీసుకే ఎత్తుకెళ్లాను. మూడో రోజు అది ఎవరిదో అర్జీ మీద ఉచ్చ పోసింది. మా పైఅధికారి ఏమీ అనలేదు కానీ, ఆ అర్జీని రెండు వేళ్లతో పట్టుకుని ఎండలో ఆరబెట్టించాడు. అనకపోవడమే ఎక్కువ కాల్చింది.

జిరాక్స్ షాపు అమ్మాయి చెప్పిన దారి పట్టుకుని బస్టాండు వెనక సందులో ఆయమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె పేరు ఎవరూ అనరు, అందరూ ఆయమ్మే అంటారు. యాభై ఏళ్లుంటాయి. అలికినంత శుభ్రంగా ఉన్న హాలు, కిటికీకి దోమల వల, చాప మీద నలుగురు పిల్లలు. ముగ్గురు నిద్రపోతున్నారు. నాలుగోవాడు గోడకు ఆనుకుని బొమ్మ లారీని చేతిలో పట్టుకుని ఉన్నాడు, నడపడం లేదు. ఇంతమంది పిల్లలున్న ఇంట్లో ఏడుపు వినబడకపోవడం చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఏమీ సతాయించరమ్మా," అంది ఆయమ్మ. "జాజికాయ సాన మీద అరగదీసి రోంత నాకిస్తా. మన పెద్దోళ్లు చేసిండేదే గదా." నిజమే, మా అమ్మ కూడా చేసేది. ఈ ప్రాంతంలో పసిబిడ్డకు జాజికాయ నాకించని ఇల్లు లేదు. అలాంటి చోట పిల్లలను చూసుకోవడానికి ఎవరి అనుమతి ఉండాలో, ఏ కాగితం అడగాలో నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ ఊళ్లో లేరు. నేను అడగలేదు. అడిగితే ఆ తలుపు మూసుకుంటుందని భయం.

నాలుగు నెలలు హాయిగా గడిచాయి. హాయి అనే మాటే రాస్తున్నాను, ఎందుకంటే అప్పుడు నాకు అలాగే ఉండింది. మీటింగుల్లో గొంతు పెరిగింది. బాగా మాట్లాడుతుందని పేరు వచ్చింది. సాయంత్రం పాపను తెచ్చుకుంటే అది భుజం మీదే తల వాల్చేది. అన్నం నోట్లో పెడితే నమలడం మరిచిపోయేది. నడక వచ్చిన పిల్ల కూర్చుంటే కూర్చున్న చోటే ఉండేది. బుద్ధిమంతురాలు అని మురిసిపోయాను.

ఒక ఆదివారం మా అమ్మ కందిపప్పు తీసుకుని వచ్చింది. మనవరాలిని ఒళ్లో పెట్టుకుని, గొర్రెపిల్లకు చూసినట్టు కింది రెప్ప లాగి చూసింది, చెవులు తడిమింది, పెదవి ఎత్తి చిగుళ్లు చూసింది.

"ఏమ్మే, ఈ బిడ్డకు ఏం పెడతాండారు ఆడ? కండ్లు సూడు, ఎట్ల వాల్చేసిండాదో. మందలో పిల్ల ఇట్ల ఉంటే నేను ఆ పూట మేతకు కూడా తోలను."

"నా కూతురు నీ గొర్రె కాదు," అన్నాను. మా అమ్మ పాపను నా ఒళ్లో పెట్టి లేచింది. కాఫీ కూడా తాగకుండా మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొద్ది రోజులకు ఒక బడిలో పెట్టుకున్న కార్యక్రమం రద్దయింది. పదకొండు గంటలకే ఖాళీ. పాపను తీసుకుని ఇంటికి పోదామని ఆయమ్మ ఇంటికి వెళ్లాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోసుకుని వెళ్లాను. ఐదుగురు పిల్లలూ చాప మీద వరసగా పడుకుని ఉన్నారు. నా కూతురు చివర్న ఉంది. పిలిస్తే కదలలేదు. ఎత్తుకుంటే తల వెనక్కి వాలిపోయింది. రెండు మూడు సార్లు బుగ్గ మీద తడితే కళ్లు సగం తెరిచి మళ్లీ మూసింది. వంటింటి గట్టు మీద సాన, దాని మీద ఎండిపోయిన జాజికాయ. దాన్ని ఎన్నాళ్లుగా ఎవరూ తాకలేదని చూస్తేనే తెలుస్తోంది. పక్కన దగ్గుమందు సీసా, మూత తీసి ఉంది, అంచున జిగట ఇంకా ఆరలేదు.

ఆయమ్మ పెరట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నన్ను చూసి, సీసాను చూసి, "జలుబు చేసిండాదమ్మా, ఒక మూత పోసినా," అంది.

"ఐదుమందికీనా?"

ఆమె కళ్లు దించుకుంది. "ఒకదాన్నే గదమ్మా. ఐదుమంది ఒగటేసారి ఏడిస్తే నేనేం చేసేది? వండల్ల, కడగల్ల."

ఆమె రాక్షసి కాదు. నా పాప జుట్టుకు నూనె పెట్టి దువ్వేది, గోళ్లు తీసేది. కానీ ఆ నిమిషంలో ఏం చేయాలో నాకు తెలుసు. ఫోను నా చేతిలోనే ఉంది. నంబరు నాకు కంఠతా వచ్చు, ఊరంతా గోడల మీద రాసింది నేనే. ఆ నలుగురి తల్లులకు చెప్పాలి, పైవాళ్లకు రాసి ఇవ్వాలి. రాసి ఇస్తే రేపు పొద్దున నా పాప ఎక్కడుంటుంది? నేను ఏమన్నానో ఒక్క అక్షరం మార్చకుండా రాస్తాను.

"మా పాపకు మాత్రం పోయొద్దు," అన్నాను.

"అట్లనేమ్మా, నీ బిడ్డకు పొయ్యను," అంది ఆయమ్మ. ఆమె మొహంలో భయం పోయింది. నేను పాపను భుజాన వేసుకుని బయటికి వచ్చేశాను. మిగతా నలుగురూ చాప మీదే ఉన్నారు. మర్నాడు తొమ్మిదింటికి పాపను మళ్లీ అక్కడే దించాను.

ఆయమ్మ మాట తప్పలేదు. పాప సాయంత్రాలు ఇల్లు పీకి పందిరి వేయడం మొదలుపెట్టింది, నెల తిరగకముందే మూడు మాటలు నేర్చింది. దాని ముద్దు మాటలు విన్నప్పుడల్లా ఆ నలుగురూ గుర్తొచ్చేవారు. పని కల్పించుకుని మరిచేదాన్ని.

తర్వాత నాకు మదనపల్లెకు బదిలీ అయింది. నా స్థానంలో వాయల్పాడు వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. చంకలో పది నెలల మగబిడ్డ. వాడు ఊరికే ఉండే రకం కాదు, నేను ఫైళ్లు అప్పగిస్తుంటే నా మెడలో ఐడీ కార్డు లాగి నోట్లో పెట్టుకున్నాడు. ఆ అమ్మాయి మొదటి రోజే అడిగింది.

"అక్కా, మీ పాపను యాడ ఇడిసిపెడతాండారు? నాకు ఈడ ఎవురూ తెలీదు."

ఎవరైనా అడుగుతారని తెలుసు. ఏం చెప్పాలో మాత్రం ముందుగా అనుకోలేదు. అక్కడ పెట్టొద్దు అంటే, మరి నువ్వెందుకు పెట్టావని అడుగుతుంది. తెలిసీ పెట్టానని చెప్పాలి. ఇంకెక్కడా లేదు అంటే, ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టావంటుంది. నా పరువు కోసం నా నోరు దానంతట అదే కదిలింది.

"బస్టాండు వెనక ఒకాయమ్మ ఉంది. శుభ్రంగా చూసుకుంటుంది. రా, చూపిస్తాను," అన్నాను. వెంట తీసుకెళ్లి పరిచయం చేసింది కూడా నేనే. ఆయమ్మ నా మొహం వైపు చూసి చిన్నగా నవ్వింది. వీడికి కూడా పోయొద్దు అని ఒక్క మాట అనగలిగి ఉండేదాన్ని. ఆ అమ్మాయి పక్కనే ఉంది. అనలేదు.

మదనపల్లెకు వచ్చాక పాపను అమ్మ దగ్గరే ఉంచి, ఆ పల్లె నుంచే రోజూ ఆఫీసుకు తిరిగాను. రెండు నెలలు కాకముందే పుంగనూరు వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చింది. పిల్లలను చూసుకునే ఇంట్లో ఒక బిడ్డ లేవడం లేదని, శ్వాస సరిగా లేదని, మదనపల్లె ఆసుపత్రికి తెస్తున్నారని. ఎవరి బిడ్డో కింద రాశారు, నా స్థానంలో వచ్చిన అమ్మాయి కొడుకు. నా ఆఫీసుకు ఆసుపత్రి రెండు వీధుల దూరం. గేటు దాకా నడిచాను. గేటు పక్కన టీ బండి దగ్గర టీ తాగి, గ్లాసు పెట్టేసి, ఆఫీసుకు తిరిగి వచ్చాను. సాయంత్రానికి బిడ్డను తిరుపతికి తీసుకెళ్లారని తెలిసింది. బతికాడు. ఆయమ్మ మీద కేసు పెట్టారు, ఇంటికి తాళం పడింది. నన్నెవరూ ఏమీ అడగలేదు.

పోయిన ఏడాది కుప్పంలో తల్లుల కోసం ఒక సమావేశం పెట్టి, పిల్లలను చూసుకునే చోటును ఎలా ఎంచుకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. బాగా మాట్లాడతానని పేరు కదా. హాలు బయట బెంచీ మీద ఆ అమ్మాయి కనిపించింది. ఒళ్లో మూడేళ్లు దాటిన పిల్లవాడు, తల ఆమె మోచేతి మీద, చేతులు బిగుసుకుని లోపలికి తిరిగి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయింది.

"ఇప్పుడు ఈడే ఉండామక్కా. ఆయన బెంగళూరుకు రైల్లో పోయొస్తాడు. వీడికి కాళ్లూ చేతులూ రుద్ది కసరత్తు చేయించే చోటు ఈడుండాది. మెడ ఇప్పుడిప్పుడే నిలస్తాండాది," అని వాడి గడ్డం మీద చొంగ తుడిచింది. తర్వాత గొంతు తగ్గించింది. "అక్కా, నువ్వు ఆస్పత్రికి రాలేదని అందరూ ఏమేమో అన్న్యారు. నేనే చెప్పినా, అక్కకు మొహం చెల్లక రాలేదని. నీకు తెలిసింటే నాకు చెప్పకుండా ఉంటావా?"

పిల్లవాడి పాదం పట్టుకున్నాను. చల్లగా ఉంది. లోపల నుంచి ఎవరో నా పేరు మైకులో పిలిచారు. ఆమె నా భుజం తట్టి, "పో అక్కా, నువ్వు మాట్లాడేది వినాలనే వచ్చిండాను," అంది.

ఆమె ముందు వరసలో కూర్చుంది. నిజం చెప్పేయాలి అనుకున్నాను. ఈసారి నిజంగానే అనుకున్నాను. ఎప్పుడూ చెప్పేవి చెప్పుకుంటూ వచ్చాను: చెప్పకుండా వేళ కాని వేళ వెళ్లి చూడండి, పిల్లలందరూ ఒకేసారి నిద్రపోతుంటే ఎందుకని అడగండి. అక్కడ ఆగి, గొంతు సవరించుకుని చెప్పాను. ఒక ఊళ్లో ఒక తల్లి అట్లా వెళ్లి మందు సీసా చూసింది, మా పాపకు మాత్రం పోయొద్దని చెప్పి ఊరుకుంది, తర్వాత ఇంకో తల్లిని వెంటబెట్టుకుని వెళ్లి అదే ఇల్లు చూపించింది, అని. హాల్లో ఆడవాళ్లు ఆ తల్లిని తిట్టుకుంటూ గుసగుసలాడారు. అయ్యో పాపిష్టిది, అంది ఒకామె.

ముందు వరసలో ఆ అమ్మాయి బిడ్డను భుజానికెత్తుకుని లేచి నిలబడింది. అంతవరకూ నన్ను అక్కా అనే పిలిచిన మనిషి.

"ఆ తల్లి ఎవురు మేడమ్?" అంది.

మైకు నా చేతిలోనే ఉంది. అందరూ నా వైపే చూస్తున్నారు.

"ప్రశ్నలు చివర్లో అడగండమ్మా," అన్నాను.