కిసో లోయలో దారి తప్పిన రోజు

మా అమ్మాయి కాలేజీ పూర్తయిన ఏడాది అక్టోబరులో ముగ్గురం జపాన్ వెళ్లాం. అమెరికాలో మేముండే రెడ్‌మండ్‌లో, మా స్నేహితుల మధ్య మా ఆయనకు కొండలెక్కే మనిషిగా పేరు. వేసవి శనివారాల్లో నాలుగైదు కుటుంబాలను వెంటేసుకుని మంచు కరిగిన కొండలకు తీసుకెళ్లేవాడు. అందుకే కిసో లోయలో పాతకాలపు ఊళ్ల మధ్య ఒక్కరోజు నడకకు నేను గైడ్‌ని బుక్ చేస్తే ఆయనకు నచ్చలేదు.

"ఇది మనకు ఈవెనింగ్ వాక్ లాంటిది. దీనికి గైడ్ ఎందుకు?" అన్నాడు.

"ఊళ్ల గురించి చెబుతారని" అన్నాను.

అసలు కారణం అది కాదు. కొన్ని నెలలుగా ఆయన చెప్పిందే మళ్లీ చెబుతున్నాడు. వంటింట్లోకి వచ్చి, ఎందుకొచ్చాడో తెలియక నిలబడిపోతున్నాడు. ఆయన ఆఫీసులో లేఆఫ్స్ జరుగుతున్న రోజులవి. నిద్ర సరిగా లేక అలా ఉన్నాడని అనుకున్నాం, నేనూ ఆయనా కూడా.

గైడ్ అరవై ఏళ్లుంటాయనిపించే సన్నటి మనిషి. పొద్దున్నే మొదటి ఊరి మొదట్లో గొడుగు పట్టుకుని మా కోసం నిలబడి ఉంది. నెమ్మదిగా, స్పష్టంగా ఇంగ్లీషు మాట్లాడుతుంది. రాళ్లు పరిచిన వాలు వీధి, రెండు పక్కలా పొగచూరినట్టు నల్లబడిన చెక్క ఇళ్లు. చూరు కింద తాళ్లకు గుచ్చిన పళ్లు ఎండుతున్నాయి. ఎక్కడా కరెంటు తీగ కనిపించదు. ఈ లోయలో ఇళ్లు అమ్మకూడదని, అద్దెకివ్వకూడదని, పడగొట్టకూడదని ఊరంతా కలిసి అనుకున్న చోట్లు ఉన్నాయని ఆవిడ చెప్పింది.

"ఈ ఇళ్లల్లో ఇప్పటికీ జనం ఉంటున్నారా?" అని మా ఆయన అడిగాడు.

ఉంటున్నారని, తనకు తెలిసినవాళ్లు కూడా ఉన్నారని చెప్పింది. ఊరు దాటి అడవిలోకి వచ్చాక అదే మాట మళ్లీ అడిగాడు. కాస్త దూరం పోయాక ఇంకోసారి అడిగాడు.

"నాన్నా, నువ్వు అసలు వింటున్నావా?" అని మా అమ్మాయి నవ్వింది.

గైడ్ నవ్వలేదు. మొదటిసారి అడిగినట్టే మూడోసారీ ఓపిగ్గా జవాబు చెప్పింది. చెప్పాక నావైపు ఒకసారి చూసింది. నేను చూపు తిప్పుకున్నాను.

దారి మధ్యలో ఒక పాత ఇంట్లో నడిచేవాళ్లకు టీ ఇస్తారు. నేల మీద పొయ్యిలో కట్టెలు పొగలు కక్కుతుంటే నలుగురం చుట్టూ కూర్చుని తాగాం. బయటికి వచ్చేసరికి సన్నగా చినుకులు మొదలయ్యాయి. గైడ్, మా అమ్మాయి ముందు నడిచారు. నేను బాత్రూమ్‌కి వెళ్లి వస్తానని చెప్పి, ఆయన్ని వాళ్లతో వెళ్లమన్నాను. తీరా వాళ్లను కలుసుకునేసరికి ఆయన లేడు.

"నాన్న నీతో వస్తాడు అనుకున్నా" అంది అమ్మాయి.

అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయట. వాటిని బెదరగొట్టడానికి దారి పొడవునా ఇత్తడి గంటలు వేలాడదీశారు. అమ్మాయి ఒక గంట పట్టుకుని ఆపకుండా కొడుతూ "నాన్నా" అని పిలుస్తోంది. ఆకాశాన్నంటే చెట్ల కింద పట్టపగలే చీకటిగా ఉంది. గైడ్ అమ్మాయిని కదలొద్దని అక్కడే నిలబెట్టి, నన్ను తీసుకుని వెనక్కి నడిచింది. నడుస్తూనే ఎవరెవరికో ఫోన్ చేసింది. ఒకచోట చిన్న బాట పక్కకు చీలి, కొన్ని ఇళ్లున్న పల్లెలోకి దిగుతోంది. అటు దిగుతుండగా ఆవిడ ఫోన్ మోగింది.

"దొరికారు. బాగానే ఉన్నారు" అంది.

ఒక ఇంటి వరండాలో కూర్చుని ఉన్నాడు. బూట్లు విప్పి పక్కన పెట్టుకున్నాడు. భుజాల మీద ఎవరో కప్పిన తువ్వాలు. ఎదురుగా నడుం వంగిన ఒక ముసలావిడ కూర్చుని తలూపుతోంది. ఆయన ఆవిడతో తెలుగులో మాట్లాడుతున్నాడు. ఆవిడ జపనీస్‌లో జవాబు చెబుతోంది.

నన్ను చూసి విసుక్కున్నాడు. "ఎక్కడికెళ్లావ్? కార్ ఎక్కడ పార్క్ చేశామో గుర్తు రావట్లేదు. ఈ అమ్మని అడుగుతున్నా."

"ఏవండీ, మనం జపాన్‌లో ఉన్నాం. కార్ తేలేదు."

చాలాసేపు నా ముఖంలోకి చూశాడు. తర్వాత ఆ ఇంటిని, ఆవిడని, వానని చూశాడు. "తెలుసు" అన్నాడు చివరికి. బూట్లు తొడుక్కున్నాడు. లేసులు కట్టుకోబోతే కుదరలేదు. గైడ్ తడి నేల మీద మోకాళ్లూని కట్టింది. అప్పటికే మా అమ్మాయి మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయింది. తండ్రి కాళ్ల దగ్గర కూర్చున్న ఆ పరాయి మనిషిని చూస్తూ శబ్దం లేకుండా ఏడ్చింది.

మిగతా దారిలో గైడ్ చరిత్ర చెప్పలేదు. ఆయన మోచేతి కింద చెయ్యి వేసి పక్కనే నడిచింది. రెండో ఊరు చేరేసరికి చూడ్డానికొచ్చిన జనం వెళ్లిపోయారు, తలుపులు మూసేస్తున్నారు. వెళ్లే ముందు గైడ్ నా దగ్గరికి వచ్చి, "ఆ ఇంటావిడ మీకు చెప్పమంది. మీవారు చాలా మర్యాదగా మాట్లాడారట" అంది.

ఖాళీ వీధిలో ఆయన నాతో అన్నాడు. "నాకేదో అవుతోందే. ఆఫీసులో కోడ్ చదువుతుంటే కిందికి వచ్చేసరికి పైన ఏముందో మర్చిపోతున్నా. ఎవరికీ చెప్పలేదు."

"ఎప్పటినుంచి?"

"అదే గుర్తులేదు."

మేం ఆ ఊరి మధ్యలో అలాగే నిలబడ్డాం. నేను ధైర్యం చెప్పాలి. ఆయన జాకెట్ జిప్ మెడదాకా లాగాను.

రెడ్‌మండ్ వచ్చాక స్కాన్‌లు, పరీక్షలు అయ్యాయి. యాభైల్లో ఈ మతిమరుపు జబ్బు అరుదు గానీ వస్తుందని, మందులు దాన్ని కొంత నెమ్మది చేస్తాయి తప్ప ఆపలేవని డాక్టర్ చెప్పింది. ఆయనే మీటింగ్ పెట్టించుకుని మేనేజర్‌కి చెప్పి ఉద్యోగం మానేశాడు. అట్లాంటా దగ్గర అల్ఫారెట్టాలో ఉద్యోగంలో చేరాల్సిన అమ్మాయి, వెళ్లనని మాతోనే ఉండిపోయింది. వెళ్లమని నేను గట్టిగా చెప్పలేదు. స్నేహితులు మొదట్లో శనివారాలు వచ్చి ఆయన్ని బయటికి తీసుకెళ్లేవారు. ఇప్పుడు ఫోన్ చేస్తారు.

ఇప్పుడు డ్రైవ్ చేసేది నేను. పక్కన కూర్చుని కుడికి తిప్పు, ఎడమకి తిప్పు అని చెబుతుంటాడు. చాలాసార్లు తప్పే చెబుతాడు. సరేనంటూ నేను వెళ్లాల్సిన దారినే వెళతాను. ఆయన గమనించడు. మొన్న గమనించాడు.

"నేను చెప్పింది తప్పా?" అన్నాడు.

"తప్పే" అన్నాను.

తలూపి కిటికీ వైపు తిరిగాడు. ఇంటికి చేరేదాకా మళ్లీ దారి చెప్పలేదు.